పాత పెట్టె – పదిహేను నిమిషాలు



లోకానికి ఋతువులు ఆరే గాని మన కళాశాలకు ఏడు. ఏడవదాని పేరు సెమినారు ఋతువు. మామిడి పూత పిందెగా మారే రోజుల్లో అది ప్రవేశిస్తుంది. దాని లక్షణాలు మీకు తెలియనివి కావు. హాస్టలు వరండాల్లో అర్ధరాత్రి దాటినా లైట్లు ఆరవు. క్యాంటీనులో టీ బాకీల పుస్తకం లావెక్కుతుంది. అంతవరకు లైబ్రరీ దారి ఎరుగని మహానుభావులు సైతం మెడలో పెన్ డ్రైవును తాయెత్తులాగా వేలాడేసుకుని, "ఒరే, స్లైడులు తెరుచుకోవటం లేదురా" అంటూ తిరుగుతూ ఉంటారు. ఇంత హడావుడీ పదిహేను నిమిషాల కోసం. పది నిమిషాలు మనం మాట్లాడాలి, అయిదు నిమిషాలు వాళ్ళు అడుగుతారు. అంతే!

అలా తిరిగేవాళ్ళలో చాలామంది చివరకు నా గది తలుపు తడుతున్నారు. నేను కంప్యూటరు సైన్సు వాణ్ణి కాను. చరిత్ర చదువుకుంటున్నవాణ్ణి. అరిగిపోయిన శాసనాల మీద సుద్ద రాసి అక్షరాలు పోల్చుకునే విద్య మాది. శిథిలాల మీద మమకారం ఉన్నవాడికి మన కంప్యూటరు ల్యాబు నచ్చకుండా ఎలా ఉంటుంది చెప్పండి? మొదటి సంవత్సరంలో సరదాకి వెళ్ళాను. రెండవ సంవత్సరం వచ్చేసరికి నాకు "స్లైడు డాక్టరు" అని బిరుదు ఇచ్చేశారు. ఫీజు మాత్రం సింగిల్ టీ దగ్గరే ఆగిపోయింది.

ఈ వైద్యంలో నేను తెలుసుకున్న సంగతి ఒక్కటే. అది ముందే చెప్పేస్తాను, ఆ తరువాత వివరాలు. యంత్రం బలహీనంగా ఉన్నప్పుడు మనం తగ్గించుకోవలసినది అలంకారాన్ని. విషయాన్ని తగ్గించుకోకూడదు. భాషను అసలే తగ్గించుకోకూడదు. మనవాళ్ళు దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తున్నారు. ఎగిరే అక్షరాలు, తిరిగే బొమ్మలు అలాగే ఉంచి, పెట్టె మొరాయించగానే ఉన్న నాలుగు మంచి వాక్యాలూ తీసేస్తున్నారు.

కొంచెం పూర్వచరిత్ర. చరిత్ర విద్యార్థిని గదా, ఆ మాత్రం భరించాలి మీరు. స్లైడు అన్న మాట కంప్యూటరుతో పుట్టలేదు. చిన్న చట్రంలో బిగించిన ఫిల్ము ముక్కను దీపం ముందు పెట్టి గోడ మీద బొమ్మ చూపే కాలంలో ఆ ముక్కకు పెట్టిన పేరు అది. గుండ్రని పళ్ళెంలో ఎనభై ముక్కలు అమర్చే కొడాక్ యంత్రాలు లోకమంతా తిరిగాయి. 2004లో ఆ కంపెనీ వాటి తయారీ మానేసింది. మనకు బాగా తెలిసినవి అద్దంలాంటి ప్లాస్టిక్ కాగితాలు. వాటి మీద రంగు పెన్నుతో రాసి, ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద పరిచి, మన మేష్టర్ల తరం వారు పాఠాలు చెప్పారు. 1987లో అమెరికాలో రాబర్ట్ గాస్కిన్స్, డెనిస్ ఆస్టిన్ మొదలైనవారు తయారు చేసిన పవర్‌పాయింటు కూడా మొదట ఆ ప్లాస్టిక్ కాగితాల కోసం పుట్టినదే. మెకింటోషు కంప్యూటరులో పేజీ దిద్దుకుని, నలుపు తెలుపుల్లో అచ్చు తీసుకోవటానికి అది పనికొచ్చేది. అదే ఏడు మైక్రోసాఫ్ట్ దానిని 1 కోటి 40 లక్షల డాలర్లకు కొన్నది. విండోస్ మీదకు 1990లో వచ్చింది. ఇంకొక విశేషం. కంప్యూటరు నుంచి ప్రొజెక్టరుకు వెళ్ళే నీలం మూతి తీగ, పదిహేను సూదులది, దానిని వి.జి.ఎ. అంటారు. ఆ పద్ధతి కూడా 1987లోనే వచ్చింది. అంటే మన సెమినారు హాలులో ఇద్దరు ఒకే ఏటివాళ్ళు ఈనాటికీ కలిసి కాపురం చేస్తున్నారన్నమాట.

ఇక మన కాపురం సంగతి. ల్యాబులో పద్నాలుగు పెట్టెలు ఉన్నాయి. అందులో తొమ్మిది బతికి ఉన్నాయి. వాటి మీద విండోస్ 7 నడుస్తుంది. సెమినారు హాలులో ఉన్న పెట్టె వీటికి పెద్దమ్మ. దాని మీద విండోస్ ఎక్స్‌పి, ఆఫీసు 2007, ఒక్క జి.బి. ర్యామ్. ఎక్స్‌పికి తయారీదారుల ఆదరణ 2014 ఏప్రిల్ 8తో ముగిసింది. విండోస్ 7కు 2020 జనవరి 14తో ముగిసింది. తక్కువ చూపు చూడకండి. మీ లాప్‌టాపుల్లోని విండోస్ 10కు కూడా 2025 అక్టోబరు 14తో ఆ మర్యాద తీరిపోయింది. పాతబడటం అనేది ఎవరికైనా తారీఖు చెప్పి మరీ వస్తుంది.

ఈ పెట్టెలన్నిటికీ సంరక్షకుడు మన ల్యాబు అటెండరు గారు. అందరం బాబాయి అంటాం. ఆయన చదువుకున్నది పదో తరగతి. కాని పెట్టె మూలుగు విని రోగం చెప్పగలరు. నేను నేర్చుకున్న వైద్యంలో సగం ఆయన భిక్షే. ఒకరోజు ఒక పెట్టె ప్రతిసారీ తారీఖును ఏళ్ళ వెనక్కు తిప్పేసుకుంటూ ఉంటే నేను బుర్ర గోక్కుంటున్నాను. బాబాయి వచ్చి, "ఏటి బాబూ, అలా సూత్తన్నావు? దానికి గుండెకాయ ఆగిపోనాది" అని, లోపల ఉన్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ తీసి కొత్తది వేశారు. సిఆర్ 2032 అనే ఆ మూడు వోల్టుల బిళ్ళ వాచీల దుకాణంలో దొరుకుతుంది. కరెంటు తీసేసినా తారీఖూ సమయమూ గుర్తుండేది దాని పుణ్యాననే.

పెట్టె ఆన్ చేస్తే తెర వెలగకుండా ఊరికే కూత పెడితే, చాలాసార్లు ర్యామ్ కార్డు కొసలు మసిబారి ఉంటాయి. ప్లగ్గు పీకి, కార్డు బయటికి తీసి, ఆ బంగారు గీతలను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి మళ్ళీ బిగిస్తే నూటికి అరవై పాళ్ళు లేచి కూర్చుంటుంది. ఈ అరవై అన్నది నా అంచనా సుమండీ, శాస్త్రం కాదు. పెన్ డ్రైవులో ఫోల్డర్లన్నీ మాయమై వాటి చోట షార్ట్‌కట్లు కనిపిస్తే గుండెలు బాదుకోకండి. వైరసు మీ ఫైళ్ళను చాలాసార్లు చెరపదు, దాచిపెడుతుంది. ఆ షార్ట్‌కట్ల మీద నొక్కకుండా, దాగినవాటిని బయటపెట్టే అట్రిబ్ అనే ఆజ్ఞ ఇస్తే తిరిగి వస్తాయి. తరువాత పెన్ డ్రైవును శుభ్రం చేయించాలి. లేకపోతే ఒకడి జలుబు హాస్టలంతా పాకినట్టు పాకుతుంది.

ఇవన్నీ పెట్టె రోగాలు. మందు ఉన్నవి. నన్ను కదిలించిన సంగతి వేరే ఉంది. అది రాయటానికే ఈ వ్యాసం.

నా మిత్రుడొకడు తెలుగు ఎం.ఏ. చదువుతున్నాడు. విజయనగరం వైపు పల్లెటూరివాడు. వాడి మేనమామ తప్పెటగుళ్ళ దళంలో ఆడతాడు. గుండెల మీద రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, ఆ దరువుకు అడుగు కలుపుతూ గంటల కొద్దీ ఆడే ఆట మీలో ఉత్తరాంధ్ర వాళ్ళకు చెప్పనక్కరలేదు. సెమినారుకు వాడు ఆ విషయమే ఎంచుకున్నాడు. సెలవులకు ఊరు వెళ్ళి, మామయ్య వెంట రెండు ఊళ్ళు తిరిగి, ఫోనుతో ఇరవై రెండు ఫొటోలు, రెండు నిమిషాల వీడియో తీసుకుని వచ్చాడు. దరువుల పేర్లు, ఆట మొదలుపెట్టే ముందు చేసే పనులు, వాయిద్యం కట్టే తీరు, అన్నీ మామయ్య చెప్పినవి చెప్పినట్టు నోట్సు రాసుకున్నాడు. నా ఎరుకలో మన కళాశాలలో ఆ సంవత్సరం జరిగిన అసలైన పరిశోధన అదే.

కొంత భాగం ఊళ్ళో డి.టి.పి. సెంటరులో టైపు చేయించాడు. కొంత భాగం ఫోనులో తనే కొట్టాడు. రెండూ కలిపి, పక్కగదివాడి లాప్‌టాపులో స్లైడులు చేసుకున్నాడు. సెమినారుకు మూడు రోజుల ముందు హాలులోని పెట్టెలో పెట్టి చూశాడు. మొదటి స్లైడులో గళ్ళు. రెండవ దానిలో ఏవో పిచ్చి ఇంగ్లీషు అక్షరాలూ, గుర్తులూ. మూడవ దానిలో మళ్ళీ గళ్ళు. రాత్రి నా గదికి వచ్చి మంచం మీద కూర్చుని చాలా మామూలుగా అన్నాడు:

"ఇంగ్లీషులో పెట్టేస్తానురా. ఆ కంప్యూటరుకి తెలుగు రాదంట."

తెలుగు ఎం.ఏ. విద్యార్థి, తెలుగు శాఖలో, తెలుగు మేష్టర్ల ముందు, తెలుగువారి ఆట గురించి ఇంగ్లీషులో చెప్పబోతున్నాడు. కారణం కంప్యూటరుకు తెలుగు రాదు! ఇంగ్లీషు మీద నాకు కోపమేమీ లేదు. కాని వాడు అప్పటికే రెండు స్లైడులు మార్చేశాడు. తీసి చూపించాడు. తప్పెట ఉన్నచోట డ్రమ్ము అని ఉంది. పోలిక కోసం డప్పు గురించి రాశాడు, అక్కడా డ్రమ్ము. డోలు గురించి రాశాడు, అదీ డ్రమ్మే. జముకు కూడా డ్రమ్మే. దరువు బీటు అయింది. అడుగు స్టెప్పు అయింది. నాలుగు వాయిద్యాలకూ తేడా చెప్పటమే వాడి సెమినారు. ఆ తేడా కాస్తా ఒక్క మాటలో కొట్టుకుపోయింది.

"కంప్యూటరుకి రాకపోతే నేర్పుదాం. నీకు వచ్చినది నువ్వెందుకు మానుకోవటం?" అన్నాను.

"మూడు రోజుల్లోనా?"

"మన ఊళ్ళలో పిల్లలు ఒక్క విజయదశమి నాడు ఓనమాలు దిద్దటం లేదట్రా!"

వాడు నవ్వాడు. పని మొదలైంది.

తెలుగు అక్షరాలకు పాత పెట్టెల్లో మూడు రకాల రోగాలు వస్తాయి. వాటిని వేరు చేసి గుర్తుపట్టాలి, ఎందుకంటే మందులు వేరు. గళ్ళు వస్తే, పెట్టెలో తెలుగు అక్షరాల ఫాంటు లేదని అర్థం. పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తే, అది డి.టి.పి. సెంటర్ల పాత ఫాంటు. ఆ పద్ధతిలో కంప్యూటరు దృష్టిలో అవి ఇంగ్లీషు అక్షరాలే. వాటికి తెలుగు వేషం వేసేది ఆ ఫాంటు. ఫాంటు లేని చోట వేషం ఊడిపోయి అసలు ముఖం బయటపడుతుంది. ఇక అక్షరాలు తెలుగులోనే ఉండి, గుణింతాలూ వత్తులూ విడివిడిగా పక్కన నిలబడితే, అది మూడవ రోగం. అక్షరాలు ఉన్నాయి గాని వాటిని కూర్చే నేర్పు పెట్టెకు లేదన్నమాట.

ఆ కూర్పు అంత తేలిక వ్యవహారం కాదు. యూనికోడ్ అనే ప్రపంచ పట్టికలో 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు దొరికింది. ఆ పట్టిక ప్రకారం "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని కంప్యూటరు ఆరు ముక్కలుగా దాచుకుంటుంది: సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, ఈకారపు గుడి. తెర మీద చూపేటప్పుడు ఈ ఆరింటినీ ఒక్క ఆకారంగా మలచాలి. ఇంగ్లీషుకు ఈ బాధ లేదు, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతే చాలు. ఎక్స్‌పిలో ఈ మలిచే విద్యా ఉంది, గౌతమి అనే తెలుగు ఫాంటూ ఉంది. కాని రెండూ మామూలుగా నిద్రలో ఉంటాయి. కంట్రోల్ ప్యానెల్లో ప్రాంతాలూ భాషలూ అన్న చోటికి వెళ్ళి, క్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెడితే లేస్తాయి. లేచేముందు ఎక్స్‌పి సీడీ అడుగుతుంది.

ఆ సీడీ ఎవరి దగ్గర ఉంటుంది ఈ రోజుల్లో? మరునాడు ఉదయం ల్యాబుకు వెళ్ళి బాబాయిని అడిగాం. ఆయన ఏమీ మాట్లాడకుండా ఇనప బీరువా తెరిచారు. రిజిస్టర్ల కింద, విరిగిన కీబోర్డుల కింద, పాత దినపత్రికలో చుట్టిన సీడీ ఒకటి తీశారు. "పారీమన్నారు బాబూ. ఎవుడికో ఒకడికి అవసరం పడతాదని దాసినాను" అన్నారు. సెమినారు హాలులో సీడీ తలుపు తెరుచుకోలేదు. బాబాయి పేపరు క్లిప్పు సాగదీసి, తలుపు కింద ఉన్న సూదంత బెజ్జంలో పొడిచారు. తలుపు బయటికి వచ్చింది. పావుగంటలో పెట్టెకు ఓనమాలు వచ్చేశాయి. మిత్రుడు మొదటి స్లైడు తెరిచి, "తప్పెటగుళ్ళు" అన్న మాటను, వత్తులతో సహా చూసి, కాసేపు అలాగే నిలబడ్డాడు.

డి.టి.పి. భాగం మాత్రం మళ్ళీ టైపు చేయక తప్పలేదు. ఇద్దరం కూర్చుని ఒక రాత్రిలో పూర్తి చేశాం. నేను చదువుతుంటే వాడు కొట్టాడు. జూనియర్లు గుర్తుంచుకోండి: తెలుగులో రాసేది ఏదైనా మొదటినుంచీ యూనికోడ్‌లోనే రాయండి. ఫాంటుకు కరువు లేదు. మండలి, గురజాడ, గిడుగు అనే పేర్లతో మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. వాడుక భాష కోసం జీవితం ధారపోసిన గిడుగు వారి పేరు ఒక కంప్యూటరు ఫాంటుకు ఉండటం ఎంతో సమంజసంగా తోస్తుంది నాకు. ఫైలు దాచేటప్పుడు ఫాంటును అందులోనే పొదిగే సదుపాయం కూడా పవర్‌పాయింటులో ఉంది, వాడుకోండి. అన్నీ విఫలమైతే ప్రతి స్లైడునూ బొమ్మగా మార్చి దాచండి. బొమ్మకు ఫాంటుతో పని లేదు.

తరువాత ఫొటోల గొడవ. వాడి ఫైలు తెరవగానే పెట్టె ఆయాసపడేది. కారణం లెక్క వేస్తే తెలుస్తుంది. ఫోను తీసే ఫొటోలో అడ్డంగా 4,000, నిలువుగా 3,000, వెరసి 1 కోటి 20 లక్షల చుక్కలు. ఫైలుగా అది మూడు నాలుగు ఎం.బి.లే కనిపిస్తుంది, ముడిచి పెట్టిన గొడుగులాగా. తెర మీద చూపటానికి విప్పాలి. ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున విప్పితే 36 ఎం.బి. అవుతుంది. ఇరవై రెండు ఫొటోలకు 792. ఉన్న ర్యామ్ మొత్తం ఒక్క జి.బి. అన్నీ ఒకేసారి విప్పకపోవచ్చు గాని, ఒక్కొక్క దానికీ ఆ శ్రమ తప్పదు. ఇంతా చేసి మన ప్రొజెక్టరు చూపగలిగేది 1,024 అడ్డం, 768 నిలువు, అంటే ఎనిమిది లక్షల లోపు చుక్కలు. పదిహేను బిందెల నీళ్ళు మోసుకొచ్చి, ఒక్క బిందె వాడుకుని, పద్నాలుగు పారబోసినట్టు. ఫొటోలన్నిటినీ ముందే ప్రొజెక్టరు కొలతకు కుదించాం. ఇరవై రెండింటిలో తొమ్మిదే ఉంచాం. పెట్టె ఆయాసం తగ్గింది.

కొలత అంటే ఇంకొక మాట. పవర్‌పాయింటు 2013 నుంచి స్లైడు వెడల్పుగా, పదహారుకు తొమ్మిది చొప్పున తయారవుతుంది. మన పాత ప్రొజెక్టరుది నాలుగుకు మూడు. వెడల్పు స్లైడు దాని మీద వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి తెరలో నాలుగో వంతు వృథా పోతుంది. పని మొదలుపెట్టేముందే కొలత మార్చుకోండి. అంతా చేశాక మారిస్తే బొమ్మలు సాగి, మేనమామ కాస్తా పీపాలాగా తయారవుతాడు.

వీడియోకు పాత పవర్‌పాయింటులో ఒక గుణం ఉంది. 2010 కూర్పుకు ముందు వీడియో స్లైడులోకి వచ్చి చేరదు. అది ఎక్కడున్నదో ఆ చిరునామా మాత్రం రాసి పెట్టుకుంటుంది. ఫైలును పెన్ డ్రైవులోకి ఎక్కించి, వీడియోను లాప్‌టాపులోనే వదిలి వచ్చేవాళ్ళు ఏటా కనీసం ఇద్దరు ఉంటారు. రెండూ ఒకే ఫోల్డరులో పెట్టుకుని, ఆ ఫోల్డరు మొత్తం తెచ్చుకోవాలి. వీడియోను పాత పెట్టెకు అర్థమయ్యే డబ్ల్యు.ఎం.వి. రకంలోకి మార్చాం. బొమ్మ ఆడింది. శబ్దం రాలేదు. హాలులో స్పీకర్లు లేవు, పెట్టె వెనక శబ్దం వచ్చే రంధ్రమూ పని చేయటం లేదు. ఇది ముందురోజు సాయంత్రమే తెలిసింది కాబట్టి సరిపోయింది. "దరువు లేకపోతే వీడియో ఎందుకురా?" అని వాడు దిగులుపడ్డాడు. కాసేపు ఆలోచించి, "పోనీ, దరువు నేను వేస్తాను" అన్నాడు.

ఎగిరే అక్షరాలన్నీ తీసేశాం. వెనక ఉన్న ముదురు రంగుల పూల బొమ్మ తీసేశాం. తెల్లని నేల మీద నల్లని అక్షరాలు. స్లైడుకు ఒక సంగతి. ఇక్కడ ఒక వాదన వచ్చింది. మామయ్య చెప్పిన మాటకూ, అచ్చైన ఒక పుస్తకంలోని మాటకూ వాడికి తేడా కనిపించింది. దానిని వాడు చివరి స్లైడులో, అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో పెట్టాడు. పెద్దవాళ్ళను కాదన్నట్టు ఉంటుందని వాడి భయం. అది పైకి రావాలని నా పట్టు. నా వైపున ఒక చరిత్ర చెప్పాను.

2003 జనవరిలో కొలంబియా వ్యోమనౌక నింగికి వెళ్ళేటప్పుడు ఒక నురగ ముక్క ఊడి దాని ఎడమ రెక్కకు తగిలింది. నౌక ఇంకా పైన తిరుగుతూ ఉండగానే ఇంజనీర్లు ఆ దెబ్బను లెక్కగట్టి స్లైడులుగా అధికారులకు చూపించారు. ఒక స్లైడు శీర్షిక ధైర్యం చెప్పేదిగా ఉంది. అసలు సంగతి అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో ఉంది. అదేమంటే, పరీక్షల్లో వాడిన నురగ 3 ఘనపు అంగుళాలు, తగిలినది 1,920. అంటే 640 రెట్లు. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో నౌక విచ్ఛిన్నమై, మన కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ పోయారు. ప్రమాదానికి కారణం స్లైడు అని ఎవరూ అనలేదు. కాని ఆ ఏడు ఆగస్టులో విచారణ సంఘం ఇచ్చిన నివేదికలో, ఆ స్లైడు చదివిన అధికారికి ప్రాణాపాయం ఉందని తట్టకపోవటం వింత కాదన్న భావం కనిపిస్తుంది. వాళ్ళ దగ్గర ఉన్నవి పాత పెట్టెలు కావు. పెట్టె ఎంత కొత్తదైనా, ఏది పైన పెట్టాలో అది చెప్పదు.

మిత్రుడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ వాక్యాన్ని రెండవ స్లైడుకు తెచ్చి, పెద్ద అక్షరాల్లో పెట్టాడు.

సెమినారు నాడు ప్రొజెక్టరు వెలగగానే తెరంతా పసుపు రాసినట్టు పచ్చగా వచ్చింది. హాలులో నవ్వులు. దాని మందు కూడా తెలిసినదే. ఆ నీలం మూతి తీగలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేరువేరు సూదులు ఉంటాయి. నీలం అందకపోతే తెలుపు పసుపవుతుంది. తీగ మూతిని సరిగ్గా కూర్చోబెట్టి, రెండు పక్కలా మరలు బిగించగానే తెర తెల్లబడింది.

వాడు మాట్లాడాడు. వీడియో దగ్గర, శబ్దం లేని తెర మీద మామయ్య దళం ఆడుతూ ఉంటే, బల్ల మీద రెండు అరచేతులతో దరువు వేసి, ఎక్కడ మారుతుందో, మారినప్పుడు అడుగు ఎలా మారుతుందో చెప్పాడు. రెండవ స్లైడు మీద ఒక మేష్టారు గట్టిగానే ప్రశ్నించారు. "మళ్ళీ ఒకసారి అది చూపించండి" అన్నారు. వాడు కంగారుగా వెనక్కి వెనక్కి నొక్కలేదు. రెండు అంకె కొట్టి ఎంటరు నొక్కాడు. స్లైడు వచ్చింది. (ఈ చిన్న చిట్కా అందరూ నేర్చుకోండి. అలాగే ఇంగ్లీషు బి నొక్కితే తెర నల్లబడుతుంది, జనం మీ ముఖం చూస్తారు.) పుస్తకంలో ఉన్నదానిని పట్టుకుని మేష్టారు, ఊళ్ళో విన్నదానిని పట్టుకుని వాడు అయిదు నిమిషాలకు బదులు పన్నెండు నిమిషాలు వాదించుకున్నారు. ఆఖరికి మేష్టారు, "మీ మామయ్యను ఒకసారి కళాశాలకు తీసుకురాగలవా?" అని అడిగారు. మార్కుల సంగతి నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

ఆ స్లైడుల్లో డ్రమ్ము అన్న మాట ఒక్కటే ఉండి ఉంటే ఆ వాదన ఎక్కడినుంచి వచ్చేది?

సొంత లాప్‌టాపు ఉన్నవాడికి ఈ వ్యాసం అంతా వింతగా ఉండవచ్చు. మన హాస్టల్లో సగం మందికి లేదు. వాళ్ళకు దిక్కు ఈ తొమ్మిది పెట్టెలూ, ఆ పెద్దమ్మా. పెట్టె పాతదైనందుకు ఒకడి భాష మారిపోవటం, ఒకడి విషయం చిక్కిపోవటం న్యాయం కాదు. అందుచేత మన విద్యార్థి సంఘం పెద్దలకు మూడు విన్నపాలు. ఒకటి, సెమినారు హాలు పెట్టె వివరాలు, అంటే ఏ విండోస్, ఏ ఆఫీసు, తెర కొలత ఎంత అన్నవి నోటీసు బోర్డులో పెట్టించండి. రెండు, ప్రతి విద్యార్థికీ ముందురోజు పది నిమిషాలు ఆ హాలులో సరిచూసుకునే అవకాశం ఇప్పించండి. మూడు, కొత్త పెట్టెలు వచ్చేదాకా ఎక్స్‌పి పెట్టెకు ఇంటర్నెట్టు తగిలించవద్దని చెప్పండి. ముసలి ప్రాణం, గాలి పడదు.

బాబాయి వచ్చే జూన్‌లో పదవీ విరమణ చేస్తున్నారు. ఆ సీడీని మళ్ళీ దినపత్రికలో చుట్టి, ఎక్కడ ఉంచారో నాకు చూపించారు. బీరువాలో రెండవ అర, రిజిస్టర్ల కింద. తెలుగు ఫాంట్లు తొమ్మిది పెట్టెల్లోనూ వేసి ఉంచాం. జూనియర్లు నిస్సంకోచంగా వాడుకోండి. పెన్ డ్రైవు మాత్రం ముందు శుభ్రం చేసుకుని మరీ రండి.